ఇంటి వంద, బడి వంద

నాకు ఉద్యోగం వచ్చిందన్న కబురు మొదట తెచ్చినవారు సూర్రావుగారు. పంచాయతీ సమితి ఆఫీసులో అటెండరు, గోదావరి మధ్య మా లంకవారే. 1976 జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం, పడవ ఇంకా రేవుకు తగలకముందే అందులో లేచి నిలబడి, "అమ్మాయిగారండీ! మీ ఆర్డరు మీద ముద్ర నేనే గుద్దేనండి!" అని కేక వేశారు. పడవ ఒరిగిపోతోందని తక్కినవాళ్ళు ఆయన్ని కసిరి కూర్చోబెట్టారు. మా అమ్మ గట్టు మీదే కళ్ళు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పింది. నాలుగు రోజుల తరవాత పోస్టులో అసలు ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను గాని, నా చెవిలో ఉన్నది మాత్రం ఆ కేకే.

ముక్తేశ్వరానికి రెండు మైళ్ళ దూరంలో, కాలవ గట్టున ఉన్న ఒక పేటలో ఏకోపాధ్యాయ పాఠశాలకు నన్ను వేశారు. ఏకోపాధ్యాయ అంటే ఒకే టీచరు, ఒకే గది, అందులోనే ఒకటి నుంచి మూడు వరకు తరగతులు. నా హోదా సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయురాలు; నియామకం తాత్కాలికం. ఆరు నెలల లోపు సమితి విద్యా విస్తరణాధికారి, మేమంతా ఈ.ఓ.గారు అనేవాళ్ళం, బడిని తనిఖీ చేసి విజిట్ బుక్కులో "పని తృప్తికరం" అని రాస్తేనే కొనసాగింపు. రాయకపోతే ఉత్తర్వు గడువుతో పాటే ఉద్యోగమూ అయిపోతుంది. మా కుటుంబంలో కొబ్బరితోటల కూలి తప్ప వేరే పని చేసిన మొదటి మనిషిని నేను. ఆ ఒక్క వాక్యం కోసం మా ఇంట్లో రోజూ ప్రార్థన జరిగేది.

ఒక సంగతి ముందే చెప్పాలి. పిల్లగా నేను ఏనాడూ బడిలో కూర్చోలేదు. వరదలకు భయపడి మా లంక నుంచి అవతలి గట్టుకు పిల్లల్ని పంపడానికి మా నాన్న ఒప్పుకోలేదు. అమ్మే చదువు చెప్పింది. ఆమెకు వచ్చినది బైబిలు చదవడం, పిక్కలు లెక్కపెట్టడం. పొయ్యి దగ్గర చింతపిక్కలు గుప్పెట్లో పట్టి "సరా, బేసా?" అని అడిగేది. నేను చెప్పాక గుప్పెడు తెరిచి, రెండేసి చొప్పున జతలు కట్టేవాళ్ళం. ఒకటి మిగిలితే బేసి. ఆదివారం పాటల పుస్తకంలో "నూట నలభై మూడు ఎవరు ముందు తీస్తారు?" అని మా అన్నకూ నాకూ పందెం పెట్టేది. నూరు, పదులు, ఒకట్లు నాకు వచ్చింది ఆ పేజీలు తిప్పడంలోనే. తరవాత ప్రైవేటుగా మెట్రిక్ కట్టి, ట్రైనింగు అయ్యాను. లెక్కలంటే భయపడాలని నాకు ఎవరూ చెప్పలేదు. అది దేవుడు నాకు చేసిన మేలు.

పేట పిల్లలకు మాత్రం ఆ భయం నిండుగా ఉంది. ఎక్కాలు పాటలా గడగడా చెప్పేవారు. మధ్యలో నుంచి ఒకటి అడిగితే అయిపోయేది. మూడో తరగతిలో రూతు అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఉండేది. "నాలుగేళ్ళు ఎంతమ్మా?" అంటే పాపం చేతులు కట్టుకుని, "నాలుగొకట్ల నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది" అని మొదటి నుంచీ అందుకునేది. అయిదు దగ్గర ఎవరైనా దగ్గితే మళ్ళీ మొదటికి వచ్చేది. పలక మీద లెక్క వేయమంటే, వేయకముందే ఉమ్మి రాసి తుడిచేసేది. తప్పు ఎలాగూ వస్తుంది కదా అని ముందుగానే తుడిచేస్తున్నట్టు ఉండేది.

ట్రైనింగులో నేర్పిన పద్ధతులు రెండు వారాలు పాటించాను. మూడో వారంలో మా అమ్మ పద్ధతికి వచ్చేశాను. ఒక్కో పిల్లకూ ఖాళీ అగ్గిపెట్టెలో ఇరవై చింతపిక్కలు పోసి ఇంటికి పంపాను. ఇంట్లో పెద్దవాళ్ళతో రోజూ పది ఆటలు ఆడి రావాలి, అదే హోంవర్కు. బడి అయ్యాక నేనూ ఇంటింటికీ తిరిగి ఆట చూపించేదాన్ని. సరి-బేసి ఒకటి. రెండోది చిప్ప ఆట: పది పిక్కలు నేల మీద పోసి, కళ్ళు మూసుకోమని కొన్నిటిని కొబ్బరిచిప్ప కింద దాచాలి. పైన ఉన్నవి చూసి చిప్ప కింద ఎన్ని ఉన్నాయో చెప్పాలి. మూడోది ఈనెల ఆట. కొబ్బరాకు ఈనెలు విరిచి, పదేసి చొప్పున అరటినారతో కట్టలు కట్టి, కట్టలు ఎన్ని, విడి ఈనెలు ఎన్ని అని చెప్పుకోవాలి. ఇవి కాక పిల్లలకు ముందే వచ్చిన గవ్వలాట కూడా ఉండనిచ్చాను. గవ్వలు వేసి, పడిన అంకెలు కూడుకుంటూ పోవడం.

రూతును పెంచుతున్నది వాళ్ళ మామ్మ, సుందరమ్మగారు. తోటల్లో దింపు జరిగినప్పుడు, అంటే చెట్లెక్కి కాయలు దించినప్పుడు, వాటిని ఏరి రాశి పోసి లెక్కపెట్టే పని ఆమెది. పొడుగాటి మనిషి. నేను మొదటిరోజు అగ్గిపెట్టె చేతికిస్తే తెరిచి చూసి, నన్ను చూసి, మళ్ళీ పెట్టె చూసింది.

"ఏంటండీ పంతులమ్మగారూ, చదువు చెప్పమని పంపితే చింతపిక్కలు పంపేరు? మా ఇంట్లో పిక్కలు లేవనుకున్నారా?"

"ఆడండి మామ్మగారూ, ఒక్కసారి."

"ఆయ్, ఆడకేం. ఓడిపోతే ఏడవకూడదు మరి."

నాలుగు ఆటలు ఆడాం. నాలుగూ నేనే ఓడాను. అయిదో ఆటలో కనిపెట్టాను, ఆమె గుప్పెడు తెరిచేటప్పుడు ఒక పిక్కను చిటికెన వేలి కింద నొక్కి పెడుతోంది. నేను ఆ వేలు ఎత్తగానే రూతు పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్వడం నేను వినడం అదే మొదలు. "దొంగాట మామ్మా!" అంటే సుందరమ్మగారు, "నేర్పేనే నీకు. రేపు నన్ను పట్టుకో చూద్దాం," అంది. మర్నాటి నుంచీ రూతు మామ్మ చేతిని గద్దలా చూడడం మొదలుపెట్టింది. గుప్పెడు ఉబ్బు చూసి ఎన్ని పిక్కలో అంచనా కట్టేది. సరి అనీ బేసి అనీ చెప్పడమే కాక, "ఏడున్నాయి, ఒకటి దాచేవు," అనే దాకా వచ్చింది.

దసరా సెలవుల నాటికి పేటంతా ఆటే. పలకరింపులు పోయి గుప్పెళ్ళు వచ్చాయి. నేను సంచితో వస్తుంటే ఎవరో ఒకరు గడప మీంచే చెయ్యి చాపి "సరా, బేసా అండి?" అనేవారు. చెప్పకపోతే దారి ఇచ్చేవారు కాదు. ఈ పని నాతో చేయించిన దేవుణ్ణి ఎంత స్తుతించానో చెప్పలేను.

అర్జీ పడింది అప్పుడే.

పేటలో సంఘపెద్ద యేసుదాసుగారు. తెల్లని పంచె, చంకలో బైబిలు, కొలిచినట్టు మాట్లాడే మనిషి. ఒక శనివారం ప్రార్థనామందిరం మెట్ల మీద పిల్లలు గవ్వలు వేస్తుండగా చూశారు. ఆ సాయంత్రమే నేను బస ఉన్న గది ముందుకు వచ్చి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, మీ మీద సమితికి అర్జీ పెట్టేనండి. మీకు చెప్పకుండా పెట్టడం పద్ధతి కాదని చెప్పడానికి వచ్చేను."

"ఎందుకండీ?" అన్నాను.

"ప్రభువు వస్త్రం కోసం సిలువ కింద కూర్చుని చీట్లు వేసేరు కదండీ సైనికులు. ఇదీ ఆ జాతి ఆటేనండి. ఇవాళ పిల్లలు పిక్కలకి ఆడతారు, రేపు పెద్దయ్యాక దేనికి ఆడతారో మీరూ నేనూ చూడబోం. మీ మీద నాకు కోపం లేదండి, ఆయ్." దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మాట నాకు నాటుకుంది. నేనూ ఆ వాక్యం వింటూ పెరిగినదాన్నే. మోకరించి చాలాసేపు ఆలోచించాను. పడే అంకె మన చేతిలో లేని ఆట ఒకటి, కనిపెట్టి లెక్కగట్టే ఆట ఒకటి. మొదటిదాని విషయంలో ఆయన భయం న్యాయమే అనిపించింది. సోమవారం పిల్లల దగ్గర గవ్వలన్నీ అడిగి తీసుకుని డబ్బాలో పోశాను. సుందరమ్మగారు ఒప్పుకోలేదు. "గవ్వలేం చేసేయండి పాపం? అవీ దేవుడు చేసినవే కదండీ," అంది. కానీ రూతు గవ్వల్ని ఆమే తెచ్చి ఇచ్చింది. గవ్వలు డబ్బాలోకి వెళ్ళాయి గాని, సమితికి రాసిన అర్జీ అప్పటికే అమలాపురం పోస్టులో పడిపోయింది. అందులో రాసింది ఏమిటో తరవాతి ఆదివారం మళ్ళీ సూర్రావుగారే వచ్చి చెప్పారు: పంతులమ్మగారు పాఠం మాని పిల్లల చేతా పెద్దల చేతా గవ్వలాడిస్తున్నారని. "గురువారం ఈ.ఓ.గారు మీ బడికే వస్తన్నారండి. తనిఖీ, విచారణా కలిపి ఒక్కసారే. ఆయన రిజిస్టర్లు అట్టే చూడరండి, నోటి లెక్కలు అడుగుతారు. జాగర్త," అని హెచ్చరించారు.

ఆ మూడు రోజులూ పిల్లలకు వందలు చెప్పాను. పదేసి ఈనెల కట్టలు కలిపి, వంద ఈనెల పెద్దకట్ట ఒక్కొక్కటి ఇంటి దగ్గర పెద్దవాళ్ళ సాయంతో కట్టుకుని రమ్మన్నాను. గురువారం పొద్దున్న అందరూ తెచ్చారు. చక్కని కట్టలు. వాటిని బల్ల మీద వరసగా పేర్చాను. విప్పి లెక్కపెట్టలేదు. ఈ కథలో నా తప్పు అదే.

ఈ.ఓ.గారు పదిన్నరకు సైకిలు మీద వచ్చారు. సన్నటి మనిషి, ఎండలోనూ కోటు. హాజరుపట్టీ, అడ్మిషన్ రిజిస్టరు ఒకసారి తిప్పి పక్కన పెట్టారు. ఆయన పిలిపిస్తే యేసుదాసుగారు వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డారు. ఆయన వెనకాల, గడప అవతల, పేట ఆడవాళ్ళు నలుగురైదుగురు, వాళ్ళలో సుందరమ్మగారు. రూతును బడికి తెచ్చి వదలడమే గాని ఆ గడప దాటి లోపలికి ఆమె ఎన్నడూ రాలేదు.

ఈ.ఓ.గారు ఒక కట్ట చేతిలోకి తీసుకుని రూతును లేపారు.

"ఇది ఎంత?"

"వందండి."

"వంద అంటే ఎన్ని?"

"పది పదులూ, పైన నాలుగండి."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఇంకోసారి చెప్పు."

"నూట నాలుగండి."

పక్క పిల్లను అడిగారు. అదే జవాబు. మూడో తరగతి మొత్తాన్ని అడిగారు. "నూట నాలుగండి, ఆయ్!" అని గది దద్దరిల్లేలా చెప్పారు. ఇంత గట్టిగా, ఇంత సంతోషంగా వాళ్ళు లెక్క చెప్పడం నేను ఎన్నడూ వినలేదు. ఈ.ఓ.గారు జేబులోంచి కలం తీసి విజిట్ బుక్కు ముందుకు లాక్కున్నారు. నేను ఒక కట్ట విప్పి చూశాను. పది చిన్న కట్టలు, నాలుగు విడి ఈనెలు. ఇంకొకటి విప్పాను. అంతే. యేసుదాసుగారు నేల చూపులు చూస్తున్నారు. ఆయన నా ఆట ఆపాలనుకున్నారు గాని, నా ఉద్యోగం పోవాలని కోరుకోలేదని అప్పుడు తెలిసింది.

"బాబుగారండీ," అన్న గొంతు గడప దగ్గర వినిపించింది. సుందరమ్మగారు లోపలికి వచ్చేసింది. "రాయడానికి ముందు ఒక్క మాటండి. పిల్లది తప్పు చెప్పలేదండి. మా వంద అంతేనండి."

"మీ వందేమిటమ్మా?"

"కాయలు ఇలా ఎత్తుతామండి." వంగి, కనపడని రాశిలోంచి చేతికి రెండేసి కాయలు ఎత్తి విసిరినట్టు చూపించింది. "విసురుకి నాలుగండి. ఇరవై అయిదు విసుర్లు వేస్తే వందండి. ఇరవై ఆరో విసురు కొసరండి. కొసరు వెయ్యకుండా వంద అయ్యిందంటే కొనేవాడు రాశి ముందునుంచి కదలడండి. ఈ పేటలో ఎవర్ని అడిగినా ఇదే చెప్తారండి, ఆయ్. కట్టలు కట్టించింది మేమే కదండీ. పంతులమ్మగారికేం తెలుసు!"

ఆ చివరి మాట అక్షరాలా నిజం. ఆ రాశుల పక్కనే పెరిగాను గాని, బడిలో వంద అనగానే నాకు పుస్తకంలో వందే గుర్తుకు వచ్చింది.

ఈ.ఓ.గారు కలం మూత పెట్టారు. కాసేపు కట్టను తిప్పి తిప్పి చూశారు. తరవాత రూతు వైపు తిరిగి, "సరే. మీ వందలు మూడయితే ఎన్ని కాయలు?" అన్నారు.

"మూడొందల పన్నెండండి."

"బడి వందలు మూడయితే?"

"మూడొందలేనండి. పన్నెండూ ఇంటి దగ్గర వదిలేసి రావాలండి."

గడప దగ్గర ఎవరో నవ్వారు. ఈ.ఓ.గారు నవ్వలేదు. "మీ వందలు ఏడు?"

రూతు ఎప్పుడూ తడబడే ఎక్కమే అది: నాలుగేళ్ళు. రూతు చేతులు కట్టుకోలేదు, మొదటి నుంచీ అందుకోలేదు. మామ్మ చెయ్యి వైపు ఒక్కసారి చూసి, "ఏడొందల ఇరవై ఎనిమిదండి," అంది.

"రాశిలో ఆరువందల ఇరవై నాలుగు కాయలున్నాయి. మీవి ఎన్ని వందలు?"

"ఆరండి. నాలుగారులు ఇరవై నాలుగు కదండీ." ఇంత తేలిక ప్రశ్న ఎందుకు అడుగుతున్నారు అన్నట్టు ఉంది ఆ గొంతు.

అప్పుడు నవ్వారు ఆయన. అర్జీ కాగితం తీసి బల్ల మీద పరిచి, గవ్వల సంగతి అడిగారు. డబ్బా చూపించాను. ఏ రోజున తీసుకున్నానో, ఎందుకు తీసుకున్నానో చెప్పాను. ఈ పిక్కల ఆట ఏమిటో తనకూ చూపించమన్నారు. సుందరమ్మగారు కొంగు ముడిలోంచి పిక్కలు తీసింది. మూడుసార్లు ఆడారు. మూడుసార్లూ ఆయన ఓడారు. మూడోసారి రూతు ఆగలేక, "చిటికెన వేలు చూడండి సార్!" అని అరిచింది. సమితి విద్యా విస్తరణాధికారి కాయలు ఏరే ఒక మామ్మ చిటికెన వేలు ఎత్తి చూడడం, దాని కింద పిక్క దొరకడం నేను కళ్ళారా చూశాను. పిల్లలు బల్లల మీద గుద్ది నవ్వారు. యేసుదాసుగారు కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు.

"ఏమండీ పెద్దాయనా, దీని మీద మీకు అభ్యంతరం ఉందా?" అని అడిగారు ఈ.ఓ.గారు.

యేసుదాసుగారు బాగా ఆలోచించారు. "గవ్వలు పోయేయి కాబట్టి నాకేం లేదండి. చింతపిక్కల గురించి వాక్యంలో ఎక్కడా లేదండి. కానీ ఆ మామ్మగారు దొంగాట మానాలండి."

"అది మానితే పిల్లది చూడ్డం మానేస్తుందండి," అంది సుందరమ్మగారు.

విజిట్ బుక్కులో ఆయన మూడు వాక్యాలు రాశారు. పిల్లలకు రెండు రకాల వందలు వచ్చుననీ, బడి వంద ఏదో టీచరు స్పష్టం చేయాలనీ మొదటి రెండు. మూడోది నేను జూలై నుంచీ ఎదురుచూస్తున్నది: పని తృప్తికరం. ఆ సాయంత్రం యేసుదాసుగారే నా కోసం ప్రార్థన చేశారు. ఆ తరవాత ఆదివారం మధ్యాహ్నాలు మందిరంలో పిల్లలకు మా అమ్మ పాటల పుస్తకం పందెం పెట్టి, పాట నంబరు చెప్పే పని ఆయనకు అప్పగించాను. మొదట మామూలుగానే చెప్పేవారు. నెల తిరిగేసరికి, "రెండు వందలకి పది తక్కువైన పాట తియ్యండి," "ఇంటి వందకి ఆరు కలిపిన పాట తియ్యండి," అని పిల్లల్ని తిప్పలు పెట్టడం మొదలుపెట్టారు. వాళ్ళ కన్నా ఎక్కువగా ఆయనే ఆనందించేవారు.

బడిలో రెండు గంపలు పెట్టాను, ఒకటి ఇంటి వందకు, ఒకటి బడి వందకు. పిల్లలు ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చుతూ ఆడేవారు. తీసివేత వాళ్ళకు అలా వచ్చింది. రూతు అయిదో తరగతి దాకా ఎక్కడ ఎవరు ఏది అడిగినా ముందు, "ఏ వందండి?" అని అడిగేది. పై బడి మాస్టారు ఒకాయన దానికి విసుక్కున్నారని తెలిసి, వెళ్ళి ఆయనకు సంగతి చెప్పి వచ్చాను.

ఎనభైల్లో మండలాలు వచ్చాక కొత్త టీచర్ల శిక్షణ తరగతులకు నన్ను పిలిచేవారు. అక్కడ నేను చెప్పినది ఎప్పుడూ ఒకటే. మొదటి వారం పుస్తకం తెరవకండి. పిల్లల ఇళ్ళకు వెళ్ళి వాళ్ళు దేన్ని లెక్కపెడతారో, ఎలా లెక్కపెడతారో చూడండి. పిల్ల తప్పు చెప్పిందనుకున్నప్పుడు, ఆ తప్పు ఇంట్లో ఎవరి లెక్కో అడిగి తెలుసుకున్నాకే దిద్దండి. ఆటకు పెద్దవాళ్ళు కావాలి. పెద్దవాళ్ళు నిజంగా గెలవాలని ఆడాలి. ఇంతకు మించి ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఎక్కువ లేదు.

సుందరమ్మగారు వేలిముద్ర వేసే మనిషి. విజిట్ బుక్కులో ఆమె పేరు లేదు, రిజిస్టర్లలో ఎక్కడా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లలతో కూర్చుని పిక్కలో, ఈనెలో, గింజలో నాలుగేసి చొప్పున వందదాకా లెక్కపెట్టే రోజు వస్తే, ఇరవై అయిదో విసురు దగ్గర ఆగిపోకండి. ఆమెను తలుచుకుని ఇంకొక్క విసురు వేయండి.